నడిమి గోడ మీద చెయ్యి

ఆ రోజు ఉదయం ఐదింటికి మహానందమ్మ పచ్చడి బండ తీసుకుని నడిమి గోడ మీద మూడుసార్లు కొట్టింది. బండ కింద పెట్టి, ఇటుకల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. అవతలింట్లోంచి విజయమ్మ తిరిగి కొట్టింది. లేచానని గుర్తు. తర్వాత మహానందమ్మ టీకి నీళ్లు పెట్టి పొయ్యి పక్కన కూర్చుంది. ఏడింటికి విజయమ్మ వచ్చి చూస్తే గిన్నె మాడి ఉంది. మహానందమ్మ కూర్చున్నచోటే ప్రాణం విడిచి ఉంది.

నంద్యాలలో ఆ స్పిన్నింగ్ మిల్లు మూతబడి చాలా ఏళ్లయింది. పనివాళ్లకు కట్టిన ఎర్రిటుక క్వార్టర్లు రెండు వరసలు మిగిలాయి. రెండిళ్లకూ ఒకటే గోడ. మొదటి షిఫ్టుకు ముందుగా లేచినవాళ్లు ఆ గోడ కొట్టి పక్కింటివాళ్లను లేపేవాళ్లు. షిఫ్టులు పోయినా వీళ్లిద్దరూ మానలేదు. ఇరవై ఆరేళ్లు యంత్రాల హోరులో తెగిన పోగులు అతికిన మహానందమ్మ, ఎవరు మాట్లాడినా వాళ్ల పెదాలే చూసేది. మిల్లు ఆడవాళ్లందరిదీ అదే అలవాటు కనుక కూతురు కరుణ పట్టించుకోలేదు.

కరుణ కాపురం ఆళ్లగడ్డలో. నాయన చనిపోయిన ఏడాది, భర్త ఎదుటే తల్లిని తమ ఇంటికి రమ్మంది. "అల్లుని ఇంట్లో నాకేం పని?" అని మహానందమ్మ తేల్చేసింది. మళ్లీ ముఖం మీద కాదనిపించుకోలేక, తర్వాతంతా కరుణ ఫోన్లోనే అడిగేది.

"అమ్మా, క్వార్టర్లు పడగొడతారంట. ఈడికొచ్చెయ్."

"బాగుండా. నువ్వు తిన్నెవా? సరే, పెడతాండా."

ప్రతి సాయంత్రం ఇంతే. తనకంటే ఆ గోడే ఎక్కువైందనుకుని, చివరి నెలలో కరుణ అడగడం మానేసింది.

పదకొండో రోజు దాటాక ఇల్లు ఖాళీ చేస్తుంటే విజయమ్మ వచ్చి గడపలో కూర్చుంది. కరుణ గిన్నెలు సంచిలో వేస్తోంది. ఏడుపు రావడం లేదు.

"ఆ పచ్చడి బండ నాకియ్యి పాపా."

"ఇంగెవర్ని లేపుతావు చిన్నమ్మా?"

"లేపేదేంది. నాకు నాలుగింటికే మెలకువ. మీ యమ్మ కొడతాదని కాసుకోనుంటి."

"నేను మాత్రం ఎన్నిసార్లు రమ్మన్నా కదల్లేదు."

"ఎప్పుడు రమ్మంటివి?"

"రోజూ. ఫోన్లో."

విజయమ్మ బండ అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

"మీ యమ్మకు చెవులు పోయి ఐదేండ్లాయ. నేను గోడ కొట్టేది గూడా చెయ్యి ఆనిస్తేనే ఆమెకు ఎరుక. ఫోన్ వణికితే నువ్వేనని తీసి, తను చెప్పేది చెప్పి పెట్టేది. నీకు చెప్తానంటే, చెప్పొద్దు, ఫోన్ చేసేది మానేస్తాదనె."

కరుణ సంచి మూతి కట్టింది. ముడి సరిగా పడలేదు. విప్పి మళ్లీ కట్టింది.

విజయమ్మ బండ చేతిలో పట్టుకుని లేచింది. గడప దిగుతూ అంది.

"‘పాప ఇంగోసారి రమ్మంటే పోదును’ అనేది."