ముక్కుపిన్నికి రాసిచ్చిన సబ్బు

మా సబ్బుల ఫ్యాక్టరీలో ఒక గదికి గాజు తలుపు ఉండేది. లోపల రెండు కుళాయిలు, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ. తలుపు మీద ఎర్రరంగుతో ఇలా రాసి ఉండేది: పూలు, సెంటు, పౌడరు, తలనూనె, వాసన సబ్బు వాడినవారు లోపలికి రాకూడదు. ఆ లెక్కన ప్యాకింగులో ఉన్న ముప్ఫైమందిమీ ఆ గడపకి బయటివాళ్ళమే. లోపల కూర్చునే అర్హత ఒక్క ముక్కుపిన్నికే ఉండేది.

ఆవిడ మాలో ఎవరికీ సొంత పిన్ని కాదు. ఎవరు మొదలుపెట్టారో గానీ, నేను చేరేసరికే అందరి నోటా పిన్నే. తయారైన ప్రతి బ్యాచ్ నుంచీ మూడు సబ్బులు ఆవిడ బల్ల మీదికి వచ్చేవి. ఒకదాన్ని పొడిగా వాసన చూసేది. ఒకదాన్ని చన్నీళ్ళతో, ఇంకోదాన్ని వేణ్ణీళ్ళతో మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, తుడుచుకుని, పావుగంట ఊరికే కూర్చుని, మళ్ళీ చేతులు వాసన చూసుకునేది. అప్పుడు రిజిస్టరులో "పంపండి" అనో "ఆపండి" అనో రాసేది. ఆ ఒక్క మాట పడకుండా ఒక్క పెట్టె గేటు దాటేది కాదు. మేనేజరు వచ్చి "త్వరగా కానివ్వండమ్మా" అంటే, "చేతులు ఆరాలి కదండీ" అని గోడగడియారం చూపించేది. కొందరికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ ముక్కు మీద కోపానికి చోటు లేదు, పందొమ్మిదేళ్ళుగా వాసనలకే సరిపోయింది.

వీధిలో ఎవరింట్లో ఏ సబ్బు వాడాలో కూడా ఆవిడే చెప్పేది. చెమటెక్కువ పట్టేవాళ్ళకి నిమ్మగడ్డి, చర్మం పొడిబారేవాళ్ళకి పాలసబ్బు, కొత్తగా పెళ్ళైనవాళ్ళకి మల్లె. "మల్లె సబ్బు నెల తిరిగేసరికి మొహం మొత్తుతుంది, అప్పుడు రండి, ఇంకోటి చెప్తా" అనేది. సబ్బు గురించే అనేదో ఇంకేమైనానో మాకు తెలిసేది కాదు, మేం మాత్రం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఊరందరికీ సబ్బు ఎంచిపెట్టిన మనిషికి తనదంటూ ఒక సబ్బు లేదు. చేతులకి వేరే వాసన అంటితే పని చెడుతుంది కాబట్టి, రంగూ వాసనా కలపకముందు తెల్లగా ఉండే ముద్దని ఆవిడ కోసం విడిగా అచ్చు వేసేవాళ్ళు. దాన్ని మేం మొద్దు సబ్బు అనేవాళ్ళం. పందొమ్మిదేళ్ళూ దానితోనే స్నానం. భోజనాల దగ్గర నాతో అప్పుడప్పుడూ అనేది: "ఈ గదిలోంచి బయటపడ్డ రోజు నిమ్మగడ్డి సబ్బు పెట్టుకుని అరగంట స్నానం చేస్తానే. మీ బాబాయి తలుపు బాదినా తియ్యను." బాబాయి అంటే ఆవిడ భర్త, బస్సు డిపోలో గుమాస్తాగా చేసి మానేశాడు. నాకు గులాబి సబ్బంటే పిచ్చి. "నువ్వు రాకముందే నీ గులాబి వచ్చి కూర్చుంటుంది" అని వెక్కిరించేది. నా పేరు ఎప్పుడో మానేసి నన్ను రేడియో అనేది, నా నోరు మూతపడదని.

ఆ ఏడు ఎండాకాలం ముందు ఆవిడకి జ్వరం వచ్చింది. పదిరోజులకి తిరిగొచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా ఆవిడ ముందు పెట్టాను. మూత తియ్యకముందే లోపలేముందో చెప్పడం ఆవిడకి సరదా, ఓడిపోతే నవ్వడం నాకు సరదా. ఆవిడ ఓడిపోయిన రోజు లేదు. ఆ రోజు డబ్బా వైపు చూసి తన అన్నం తను కలుపుకుంది.

"ఏం పిన్నీ, చెప్పవేం?" అన్నాను.

"వాసన రావట్లేదే."

"జలుబు తగ్గలేదా?"

"తగ్గి వారమైంది. ఏ వాసనా రావట్లేదు. సబ్బు రాదు, కిరసనాయిలు రాదు, ఇదిగో ఈ అన్నం రాదు." బస్సు ఆలస్యంగా వస్తుందని చెప్పినట్టు చెప్పింది. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు. మందు రాయలేదట.

నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి పొద్దున్నించి మూడు బ్యాచ్‌లు పంపావు కదా?"

"పంపాను."

"మేనేజరుకి చెప్పు పిన్నీ."

"చెప్తే సబ్బులు కోసే కటింగులోకి పంపుతారు. కటింగయినా, గేటయినా నాకేం బాధలేదు. ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటే చూసుకుంటూ తిరగాలి, అదీ." డబ్బా మూత పెడుతూ అంది: "ఒక రెండు నెలలు చూద్దాం. వస్తుందేమో. అందాకా నువ్వు చూసిపెట్టు."

కాదనడానికి నాకు నోరు రాలేదు. రోజూ టీ వేళకి ఆవిడ సబ్బుని కాగితంలో చుట్టుకుని ప్యాకింగు వెనక వసారాలోకి వచ్చేది. నేను వాసన చూసేదాన్ని. "ముందేం వస్తోంది? అడుగునేం వస్తోంది?" అని అడిగేది. నేను "బావుంది" అనేదాన్ని. మొదట్లో ఒకసారి విసుక్కుంది: "బావుంది అనేది వాసన కాదే!" అప్పట్నించి నోటికొచ్చిన పువ్వు పేరూ పండు పేరూ కలిపి చెప్పేదాన్ని. తల ఊపి వెళ్ళిపోయేది. రిజిస్టరులో "పంపండి" పడేది.

తొమ్మిది వారాలు అలా నడిచింది. మనిషిలో ఏదో ఆగిపోయింది. నా కబుర్లకి నవ్వేది కాదు, అలాగని విసుక్కునేదీ కాదు. గడియారం చూసి తినేది, గడియారం చూసి లేచేది. భయం వెయ్యట్లేదా అని అడిగాను ఒకరోజు. "వేస్తే బావుణ్ణు. ఏడుపొచ్చినా బావుణ్ణు. ఏదీ రావట్లేదు" అంది. ఓదార్చుదామంటే ఎక్కడ చెయ్యి వెయ్యాలో నాకు తెలియలేదు.

ఆ తరవాత వచ్చిందే ఆ నిమ్మగడ్డి బ్యాచ్. పెద్ద ఆర్డరు, నాలుగువందల పెట్టెలు. ఆ రోజు ఉక్క. పొద్దున్న రెండుసార్లు స్నానం చేసి, బయల్దేరే ముందు చేతులూ మొహం మళ్ళీ గులాబి సబ్బుతో కడుక్కుని వచ్చాను. వసారాలో పిన్ని ఇచ్చిన సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మగడ్డి వచ్చింది, గులాబి వచ్చింది. ఆ గులాబి నా చేతులదని నాకు తోచనేలేదు. లోపల పని నడుస్తోంది, పెట్టెలు పేరుకుపోతున్నాయి, నాకు తొందర.

"బ్రహ్మాండం పిన్నీ" అన్నాను.

వారానికి పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. పొడిగా ఉన్నప్పుడు పట్టి చూస్తేనే తెలిసే పాత నూనె కంపు, రుద్దుకుని కడిగాక ఒంటికి పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదట. మేనేజరు అందరి ముందూ ఒక పెట్టె విప్పి, చేతులు కడుక్కుని, వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. రిజిస్టరు తెప్పించాడు. "పంపండి" అని ఉంది, కింద పిన్ని సంతకం ఉంది. అయినా ఆవిణ్ణి ఒక్కళ్ళూ అనుమానించలేదు. ఆవిడ చూసి పంపిన తరవాతే ఎవరో పాడైన సరుకు కలిపి ఉంటారన్నారు. చూపులన్నీ నూనెగది చూసే పెద్దాయన మీదికి తిరిగాయి. ఆయన చేతిగుడ్డతో ఊరికే చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

పిన్ని నోరు విప్పకపోతే గది ఆవిడకే నిలిచేది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఆయన్నేం అనకండి," అంది పిన్ని. "నాకు వాసన రాదు. జ్వరం వచ్చినప్పట్నించీ రావట్లేదు. అన్నీ తెలియకుండానే పంపాను."

 నా పేరు ఆవిడ ఎత్తలేదు. పందిట్లో మైకులా వాగే దాన్ని నేను. "నేను చూశానండీ, నేనే బావుందన్నాను" అని చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ చెప్పలేదు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

మేనేజరు చెడ్డమనిషేం కాదు. చాలాసేపు రిజిస్టరు పేజీలు తిప్పుతూ ఉండి, ఆవిణ్ణి గేటు దగ్గర కొత్తగా తెరిచిన మా సబ్బుల దుకాణంలో కూర్చోమన్నాడు. ఆ వారంలోనే ప్యాకింగులో పదిమందిని పిలిచి, మూతపెట్టిన పది గిన్నెలు వరసగా పెట్టి మా ముక్కులు పరీక్షించాడు. అందులో పాడైన నూనె గిన్నె కూడా ఉంది. పరీక్ష కదా అని ఆ రోజు ఉత్త నీళ్ళతో స్నానం చేసి వెళ్ళాను. పదింటికి పది చెప్పింది నేనొక్కదాన్నే.

ఈ సంగతి పిన్నికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? తల దించుకుని చెప్పాను.

"నీ ముక్కు మంచిదేనే," అంది. "ఆ రోజు నీ చేతులకి గులాబి ఉండుంటుంది. చేతులు దేనితో కడుక్కుని వచ్చావని నేనడగాల్సింది. వాసన వస్తే అడిగేదాన్నే." తిట్టినా బావుండేది. లెక్క సరిచూసినట్టు చెప్పి ఊరుకుంది.

గది తాళంచెవులు లాంటివేం లేవు కాబట్టి అప్పగింతకి రిజిస్టరొక్కటే ఉంది. అది నాకిస్తున్న రోజు మేనేజరు మా ఫ్యాక్టరీ సబ్బులన్నీ, ముప్ఫై ఒక్క రకం, బల్ల మీద పేర్పించాడు. "ఇన్నేళ్ళూ మీకు నచ్చింది వాడుకోలేదు. మీకిష్టమైన సబ్బు ఏదో చెప్పండమ్మా. నెలనెలా ఇంటికి ఒక పెట్టె పంపమని రాసిస్తాను" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నూనెగది పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

పిన్ని నిమ్మగడ్డి సబ్బు తీసుకుంది. వెనకా ముందూ తిప్పింది. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, లోతుగా పీల్చింది. మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, ఏమో వస్తుందేమోనని. ఆవిడ కళ్ళు తెరిచి సబ్బుని దాని చోట్లో పెట్టేసింది. మల్లె ఎత్తింది, పెట్టేసింది. ఆ తరవాత ఇంకేదీ ఎత్తలేదు.

"నువ్వు వాడేది గులాబే కదూ?" అంది నా వైపు తిరిగి.

"అవును పిన్నీ."

"అదే రాయండి," అంది మేనేజరుతో.

నేను ఆగలేకపోయాను. "అదేంటి పిన్నీ, నీకు నిమ్మగడ్డి కదా ఇష్టం?"

"ఏదైనా ఒకటేనే నాకు. రేపట్నించి నీది ఆగిపోతుంది. ఎవరో ఒకళ్ళం వాడితే సరి." బస్సులో ఖాళీ అయిన సీటు గురించి మాట్లాడినట్టే ఉంది ఆ మాట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నేను మొద్దు సబ్బుకి మారాను. మొదటి వారం నా ఒళ్ళు నాది కానట్టుండేది. ఒకరోజు గేటు దగ్గర బాబాయి కనిపిస్తే, పిన్ని కొత్త సబ్బు ఎలా ఉందని అడిగాను. "ఇంట్లోకి ఎవరో చుట్టం వచ్చినట్టుందమ్మా," అని నవ్వాడు. "ఎలా ఉందీ అని రోజూ అడుగుతుంది. బావుంది అంటాను. సరే అని వంటింట్లోకి పోతుంది. నాకు వాసనలు చెప్పడం ఎక్కడొచ్చు?" నవ్వు మధ్యలోనే ఆపేసి టోపీ సర్దుకున్నాడు.

మూడో నెలలో అనుకుంటాను, ఒక బ్యాచ్ నన్ను ఇబ్బంది పెట్టింది. వేణ్ణీళ్ళతో కడిగాక అడుగున ఏదో సన్నగా వస్తోంది. పాత నూనేనా, నా భయమా తేల్చుకోలేకపోతున్నాను. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాను. దుకాణం చీటీలు ఇవ్వడానికి ఆఫీసులోకి వచ్చిన పిన్ని గాజులోంచి నన్ను చూసింది. ఇన్నేళ్ళ అలవాటు, చక్కా తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టింది.

"ఏదీ, ఇటివ్వు. నురుగు చూస్తే నాకు తెలిసిపోతుంది."

ఆవిడకంటే ముందు గులాబి వచ్చింది. బాగా దట్టంగా వచ్చింది. వాసన తెలియదు కదా, ఎంత రుద్దుకుంటోందో ఏమో. నా చేతుల మీద ఉన్న ఆ సన్నటి వాసన ఎక్కడో మునిగిపోయింది.

"పిన్నీ, బయటికెళ్ళు," అన్నాను. నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట.

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. నన్ను చూసింది, తలుపు మీద ఎర్రక్షరాలు చూసింది. మణికట్టు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ దించేసింది.

"అంత వస్తోందా?"

"వస్తోంది."

"సరే అయితే," అంది. వెనక్కి అడుగేసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. గాజు అవతలనించి కిటికీ తెరవమని చేత్తో చూపించింది. గడియారం కూడా చూపించింది, పావుగంట ఆగమని. తరవాత చీటీలు పట్టుకుని ఆఫీసు వైపు వెళ్ళిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చెప్పినట్టే కిటికీ తెరిచి, గదిలోంచి పిన్ని వాసన పోయేదాకా కూర్చున్నాను.