లాండ్రీ మాస్టారి అరువు మాటలు

లాండ్రీ మాస్టారు ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. అలాగని అన్నిటికీ ఒప్పుకుంటాడనుకునేరు. కాదనవలసి వచ్చినప్పుడల్లా ఆ మాట అనడానికి ఇంకెవరి నోరైనా అరువు తెచ్చుకుంటాడు, అంతే.

కోర్టు గుమాస్తా సిరా మరక పడిన కోటు తెచ్చి సాయంత్రానికల్లా కావాలన్నాడనుకోండి. మాస్టారు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మొహం నిండా జాలి నింపుకుని, "నాదేముందండీ, నాకిష్టమే. మా ఆవిడే ఒప్పుకోదు. తొందర పనంటే మండిపడుతుంది" అంటాడు. ఆ మండిపడే ఆవిడ రెండడుగుల దూరంలో కూర్చుని బట్టలకు నంబరు గుడ్డలు కుడుతూ ఉంటుంది. తలెత్తదు. నోటిలోని దారం కొస కూడా తియ్యదు. ఒక్కసారీ ఎవరినీ కోప్పడకుండానే ఆ వీధి వీధంతటికీ గయ్యాళిగా పేరు తెచ్చుకున్న ఆడమనిషి ఆవిడ ఒక్కతే.

పోనీ ఆవిడతోనైనా సూటిగా ఉంటాడా అంటే అదీ లేదు. సెలవు రోజున అలా నదిదాకా నడిచొద్దామా అని ఆవిడ అడిగితే, "నాకూ రావాలనే ఉంది. హోటలు మేనేజరు దుప్పట్ల కోసం ప్రాణం తోడేస్తున్నాడు" అంటాడు. ఆ మేనేజరు పాపం నెమ్మదస్తుడు. ఎవరి ప్రాణమూ తోడి ఎరగడు.

ఇరవై ఆరేళ్ళు ఇలాగే గడిచిపోయాయి. ఇంకో ఇరవై ఆరూ గడిచిపోయేవేమో. మధ్యలో ఆ సరస్సు వచ్చి పడింది.

ఆవిడ కుట్టుకునే బల్ల ఎదురుగా గోడ మీద ఒక పాత క్యాలెండరు బొమ్మ ఉండేది. చుట్టూ కొండలు, మధ్యలో సరస్సు, చెక్కల వంతెన చివర కట్టేసిన ఓ తెల్ల పడవ. ఆరేళ్ళ కిందటి క్యాలెండరు. నెలలూ తేదీలూ చింపేసి బొమ్మను మాత్రం ఉంచుకుంది. ఈ యేడు ఒక రోజు మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కిస్తున్నంత మామూలుగా అంది: "ఆ ఊళ్ళో గది మాట్లాడానండీ. ఐదు రోజులు. శనివారంలోగా ఖాయం చెయ్యాలట."

మాస్టారికి ఏ నోరూ అందుబాటులో దొరకలేదు. "ఓహో" అన్నాడు.

మర్నాడే ఆవిడ రబ్బరు అడుగుల బూట్లు కొనుక్కొచ్చింది. కొండదారుల్లో కరవకుండా ముందే అలవాటు కావాలని దుకాణంలోనే తొడుక్కుని తిరగసాగింది. కిచుకిచుమంటూ ఆ బూట్లు బల్ల దగ్గరినుంచి బీరువాదాకా, బీరువా నుంచి గుమ్మందాకా నడుస్తుంటే, మాస్టారికి ఆ చప్పుడు తన వెనకే తిరుగుతున్నట్టుండేది.

ఇంతకీ ఆయనకొచ్చిన ఇబ్బందేమిటంటారా? దుకాణం ఐదు రోజులు మూసేస్తే, తను లేకపోయినా జనం ఇస్త్రీ బట్టలే కట్టుకుంటారని తెలిసిపోతుంది. అదొకటి. అంతకన్నా లోపల, ఆయన తనకు తాను కూడా చెప్పుకోని భయం ఇంకొకటుంది. పెళ్ళయిన దగ్గరినుంచీ ఇస్త్రీ బల్ల మధ్యలో లేకుండా ఆవిడ ఎదురుగా ఒక పూటంతా కూర్చున్నది లేదు. ఐదు రోజులు, చేతిలో పని లేకుండా, ఓ సరస్సు ముందు కూర్చుని, ఆవిడతో ఏం మాట్లాడాలి?

సోమవారం పొద్దున్నే వీధి దాటి గడియారాలాయన దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఎదురెదురు దుకాణాలవాళ్ళు, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. గడియారాలాయన కిందటేడు భార్యను తీసుకుని ఆ ఊరే వెళ్ళొచ్చాడు.

"ఆ ఊరెలా ఉంటుంది బావా?"

గడియారాలాయన కంటికున్న భూతద్దం తియ్యకుండానే, "నన్నడిగితే నచ్చలేదు బావా" అన్నాడు.

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అలాగా? ఏం?"

"చలి. ఎటు వెళ్ళినా మెట్లే. నాలుగు రోజులున్నాం, రెండు రోజులు వానే. గదిలో గోడ గడియారం ఒకటుంది, పదకొండు నిమిషాలు వెనక. బాగుచేసిస్తానంటే వద్దన్నారు. ఇంకేం నచ్చుతుంది?"

"అంతే మరి. అంత దూరం పోయి అవస్థ పడ్డమెందుకు" అంటూ మాస్టారు లేచాడు. తలుపు మీద చెయ్యి వేశాడో లేదో వెనకనుంచి ఇంకో మాట వినిపించింది.

"కానీ వెళ్ళండి బావా. మీ చెల్లెలికి మాత్రం తెగ నచ్చేసింది. ఇంట్లో అంతలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు."

మాస్టారు విన్నాడు. చక్కగా, ప్రతి అక్షరం విన్నాడు. కానీ అప్పటికి ఒక కాలు వీధిలో ఉంది కాబట్టి ఆ మాట వీధి చప్పుళ్ళలో కలిసిపోయిందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

వీధి వెడల్పు పాతిక అడుగులుంటుందేమో. ఆ పాతిక అడుగుల్లో రెండు రోజుల వాన నాలుగు రోజులైంది. సొంత గుమ్మం తొక్కేసరికి దుప్పట్లు కూడా తడిశాయి.

"అడిగానోయ్. కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. విడవకుండా వానట. దుప్పట్లు పిండితే నీళ్ళు కారతాయట. సరస్సు దగ్గర ముక్కు మూసుకోవాల్సిందేనట."

"అన్నయ్యగారు అంతమాటన్నారా?" ఆవిడ సూది ఆపింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అరువు నోరు దొరికాక మాస్టారికి పొదుపు తెలియదు. "గట్టున జలగలట. మన చెల్లెమ్మ మెట్ల మీద జారి కాలు బెణికించుకుందట. ఆడవాళ్ళని తీసుకెళ్ళే చోటు కాదు బావా అని చేతులు పట్టుకున్నాడు."

కాసేపటికి ఆవిడ లేచి గోడ మీది బొమ్మ తీసి, తిరగేసి, వెనక వైపు ఆ వారం నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పాత చెప్పులు తొడుక్కుంది. కిచుకిచు ఆగిపోయింది. మాస్టారికి హాయిగా ఉండాలి కదా. రాత్రి భోజనం దగ్గర ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చున్నాడు.

మంగళవారం గడియారాలావిడ భర్త చలికోటు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. మాస్టారు అప్పుడు ఆవిరి యంత్రం దగ్గరున్నాడు. ఏ బట్టయినా నీళ్ళలో పడే ముందు జేబులు వెతకడం, దొరికిన ప్రతి చిత్తు కాగితాన్నీ నంబరు రాసిన కవరులో పెట్టి బట్టతోపాటు తిరిగివ్వడం ఆ దుకాణంలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఆ పని ఆవిడది. ఆ పద్ధతి పెట్టింది మాత్రం మాస్టారే. ఈ సంగతి తర్వాత ఆయనకు చాలాసార్లు గుర్తొచ్చింది.

బుధవారం ఆవిడ మళ్ళీ బూట్లు తొడుక్కుంది. మాస్టారు చూశాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

గురువారం మధ్యాహ్నం గడియారాలాయన కోటు కోసం వచ్చాడు. మాస్టారు కోర్టు గుమాస్తా తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె పెట్టి ఉన్నాడు.

"ఏమ్మా చెల్లెమ్మా, ప్రయాణం ఎప్పుడు?" అన్నాడు గడియారాలాయన, చాలా మామూలుగా.

"మీరే వద్దన్నారట కదా అన్నయ్యగారూ?"

"నేనా?"

గడియారాలాయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు చొక్కా వైపు చూశాడు. ఆయన చెవులు మాత్రం మిగతా ఇద్దరికీ కనబడేటంత ఎర్రబడ్డాయి. ఆ చెవులు చూసి ఇరవై ఏళ్ళ స్నేహితుడు సంగతి గ్రహించి, గొంతు సవరించుకున్నాడు.

"ఆఁ... అన్నానమ్మా. అన్నట్టే ఉన్నాను."

"దుప్పట్లు పిండితే నీళ్ళు కారతాయన్నారట."

"తడేనమ్మా మరి. కొండ ప్రాంతం."

"సరస్సు కంపు కొడుతుందన్నారట."

"అదీ... ఒక పక్కన."

"జలగలున్నాయన్నారట."

"జలగలా? ఉండే ఉంటాయి. ఎక్కడికి పోతాయి."

"పాపం వదినకు కాలు బెణికిందట కూడాను."

ఇక్కడ ఆ మంచి మనిషి ఇరుక్కుపోయాడు. మాస్టారి వైపు తిరిగి, మెల్లిగా, "ఏ కాలు బావా?" అని అడిగాడు.

తన కోసం ఒక మర్యాదస్తుడు నిలువునా అబద్ధాలాడుతుంటే వింటూ నిలబడడం ఎంత నరకమో మాస్టారికి అప్పుడే తెలిసింది. తను ఆడినప్పుడు ఇంత సిగ్గేయలేదు. భూమి చీలితే బాగుండుననుకున్నాడు. చీలలేదు. దానికి బదులు ఏదో మాడు వాసన వచ్చింది. ముగ్గురి ముక్కులూ ఒకేసారి ఎగబీల్చాయి.

మాస్టారు ఇస్త్రీ పెట్టె ఎత్తాడు. తెల్లచొక్కా వీపు నడిమధ్య గోధుమ రంగులో ఇస్త్రీ పెట్టె ఆకారం, ముక్కుతో సహా దిగిపోయి ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఆ దుకాణంలో మాడిన మొదటి బట్ట అది.

ఆవిడ చొక్కా సంగతి ఎత్తలేదు. కోటు తెచ్చి, దాని నంబరు కవరు విప్పి, బల్ల మీద వరసగా చిన్న చిన్న కాగితాలు పేర్చింది. పడవ టిక్కెట్లు. ఎనిమిది.

"నాలుగు తేదీలు, రోజుకు రెండు," అంది. "కాలు బెణికినావిడ నాలుగు రోజులూ పడవెక్కారన్నమాట. వానలో కూడా."

గడియారాలాయన కోటు అందుకుని, "నాకు దుకాణంలో పనుంది బావా" అంటూ గుమ్మం వైపు జరిగాడు.

"ఉండు బావా." మాస్టారి గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. భార్య వైపు తిరిగాడు. "వీడు తనకు నచ్చలేదన్నాడు. మెట్లున్నాయన్నాడు, రెండు రోజులు వానన్నాడు. చెల్లెమ్మకు నచ్చింది, వెళ్ళండి అని కూడా అన్నాడు. అది నేను విననట్టు వచ్చేశాను. మిగతావన్నీ నావే. జలగలు కూడా నావే."

గడియారాలాయన ఇద్దరి మొహాలూ చూసి, కోటు భుజాన వేసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

"నాకు మంగళవారమే తెలుసు," అంది ఆవిడ.

"మరి అడగలేదేం?"

"మీ నోటితో ఎప్పుడంటారో చూద్దామని. వీధిలో నన్ను గయ్యాళిని చేశారు, ఊరుకున్నాను. కానీ సోమవారం నుంచి మంగళవారందాకా ఆ మంచి మనిషిని మనసులో తిట్టుకున్నానండీ. మనకొక సరదా ఉంటే ఓర్వలేకపోయాడనుకున్నాను. ఆ తిట్లు ఎవరికి చెందాలి?"

మాస్టారు చొక్కా మీది మచ్చను బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు, రుద్దితే పోయేది కాదని అందరికన్నా బాగా తెలిసినవాడే.

"రావాలని లేకపోతే లేదని చెప్పొచ్చు కదా."

"లేదని కాదు," అన్నాడు. ఆ తర్వాతి మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. "ఐదు రోజులు నీకెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. నవ్వు వచ్చిందేమో, దాన్ని దారం కొసతోపాటు పళ్ళ మధ్య బిగబట్టింది. "మీరు నిశ్చింతగా ఉండండి. నిన్ననే గది ఖాయం చేశాను. రెండు మంచాల గది. ఒకటి నాకు, ఒకటి వదినకు."

తప్పించుకోవాలని ఇన్ని పాట్లు పడ్డ ప్రయాణం తను లేకుండానే బయల్దేరుతోందని తెలిస్తే మనిషికి ఎలా ఉంటుంది? బొమ్మలోని ఆ తెల్లపడవ వెళ్ళిపోతుంటే చెక్కల వంతెన మీద తనొక్కడే మిగిలిపోయినట్టు అనిపించింది మాస్టారికి.

"నేనూ వస్తాను," అన్నాడు.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది. మొహం నిండా జాలి నింపుకుంది. "నాదేముందండీ, నాకిష్టమే. వదినే ఒప్పుకోదేమో."

ఇరవై ఆరేళ్ళుగా తను జనానికి ఇస్తున్న మాట. అచ్చంగా తన రాగంలోనే. ఎదుటివాళ్ళకు అదెలా ఉంటుందో ఆయన ఎన్నడూ వినలేదు. ఇప్పుడు విన్నాడు.

మళ్ళీ ఆ పాతిక అడుగులూ దాటి వెళ్ళక తప్పలేదు. గడియారాలావిడ అమ్ముడుపోని గడియారాలన్నీ దుమ్ము దులుపుతూ ఉంది. రెండు కాళ్ళ మీదా నిటారుగా. ఆ కాళ్ళకేసి చూడడానికి మాస్టారికి మొహం చెల్లలేదు. తనూ వస్తానన్న సంగతి గోడ గడియారాల వైపు చూస్తూ చెప్పుకున్నాడు.

"నా కాలు బెణికించారటగా అన్నయ్యా," అందావిడ, దులుపుడు ఆపకుండా.

"తప్పయిపోయిందమ్మా."

"మంచం ఇచ్చేస్తాను. మేం ఇంకో గది తీసుకుంటాం. కానీ ఒకటే షరతు. పడవలో మీ బావ సణుగుడంతా మీరే వినాలి. కిందటేడు నాలుగు రోజులూ నేను విన్నాను, ఇంక నా వల్ల కాదు."

"మళ్ళీ ఆ మెట్లెక్కాలా నేను?" అన్నాడు లోపలినుంచి గడియారాలాయన, ఏడుపు గొంతుతో. అతని మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున మాస్టారు అట్టముక్క మీద దుకాణం మూసేస్తున్నట్టు రాయడానికి కూర్చున్నాడు. 'యంత్రం మరమ్మతు వల్ల' అని రాశాడు. ఓ క్షణం చూసుకుని కొట్టేశాడు. అట్ట తిరగేసి 'ఊరెళ్తున్నాం. ఐదు రోజులు' అని రాశాడు. సిరా ఆరకముందే కోర్టు గుమాస్తా వచ్చి చొక్కా అందుకుని విప్పాడు.

"ఇదేంటి మాస్టారూ? ఎవరు కాల్చారు?"

అలవాటు పాడుది. మాస్టారి కళ్ళు వాటంతటవే ఆవిడ బల్ల వైపు వెళ్ళాయి. ఆవిడ తలెత్తలేదు. బల్ల కింద బూట్లు మాత్రం కదలడం మానేశాయి.

"నేనేనండి," అన్నాడు. "పరధ్యానంగా ఉన్నాను. ఇలాంటిదే కొత్త చొక్కా రేపు ఇస్తాను."

గుమాస్తా ఆశ్చర్యపోయి, ఆ అట్ట కేసి చూశాడు. "ఇదొకటా? ఐదు రోజులా? సోమవారం నాకు కోర్టుందండీ. ఎవరు వెళ్ళమన్నారు మిమ్మల్ని?"

నోళ్ళు చుట్టూ సిద్ధంగానే ఉన్నాయి. ఆవిడది, ఎదురుగా గడియారాలావిడది, ఆ హోటలు మేనేజరుది.

"ఎవరూ వెళ్ళమనలేదండి," అన్నాడు మాస్టారు, చెవులు మళ్ళీ ఎర్రబడుతుండగా. "నాకే వెళ్ళాలనుంది."

అది పూర్తిగా నిజమో కాదో ఆయనకింకా తెలియదు. బల్ల కింద మాత్రం కిచుకిచు మళ్ళీ మొదలైంది.