చొక్కా కింద పిస్టల్

శేషాచలం అంకుల్‌కి యాభై ఎనిమిదేళ్లు. ఈ పరాయి దేశంలో, పాయింట్ కుక్ అనే పేటలో మా వెనక వీధిలో ఉంటారు. దేశం వదిలి రాకముందు బాలానగర్‌లో లేత్ మిషన్ మీద, ఆ తర్వాత ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక సెక్యూరిటీ గార్డు శిక్షణ తీసుకుని, నగల దుకాణాలకు బంగారం చేరవేసే కంపెనీలో చేరారు. వీధిలో డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏం చేస్తున్నారని అడిగితే "లాజిస్టిక్స్" అని ఊరుకునేవారు. ఇంటర్ సగంలో చదువాగిపోయిన నాకు అదే కంపెనీలో క్లీనింగ్ పని ఇప్పించింది ఆయనే. రోజూ ఆయన కారులోనే వెళ్తాను.

జనవరిలో మా గార్డు ఒకతన్ని దుకాణం మెట్ల మీదే కొట్టి సంచీ లాక్కుపోయారు. దవడ విరిగింది. యూనిఫాం చూసి వెంబడించారన్నారు. అప్పటినుంచి కొందరిని మామూలు బట్టల్లో, మామూలు కారులో పంపాలని కంపెనీ అనుకుంది. ఇక్కడ మామూలు మనిషి తుపాకీ దాచుకుని తిరిగితే జైలే. ఈ డ్యూటీకి మాత్రం కంపెనీ లైసెన్సు మీద ఇస్తారు, సాయంత్రం తిరిగి అప్పగించాలి. అంకుల్ ఆ డ్యూటీ అడిగి మరీ పేరు రాయించుకున్నారు.

"ఈ డ్యూటీ దొరకకుంటే లోపల పెట్టెలు మొయ్యాలె బిడ్డా. నా మోకాళ్లు అయిపోయినయ్," అన్నారు కారులో. "ఇంట్ల మంగళ ఆంటీకి మాత్రం చెప్పకు."

శిక్షణ ఇచ్చే డెబ్ ఒక చిన్న పిస్టల్ తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత. ఫైరింగ్ రేంజ్ నుంచి వస్తూ అంకుల్ చెయ్యి విదిలించుకున్నారు. "చిన్నగుందని మురిసిన. కొడితే ఎగిరి పడుతున్నది. చిటికెన వేలు పెట్టనీకి జాగనే లేదు." పిడి లోపలికి దూర్చే తూటాల డబ్బా, అంటే మ్యాగజైన్, కింద కాస్త పొడుగున్నది పెట్టింది డెబ్. వేలికి పట్టు దొరికింది, గురి కుదిరింది. కానీ పిడి పొడుగైంది. అది చొక్కా మీద కనిపిస్తుందా లేదా అన్నది శుక్రవారం చూశారు.

"లీలా, నువ్వు అన్నీ గమనిస్తావు. మాప్ పట్టుకుని అక్కడ నిలబడు," అంది డెబ్.

తుపాకీలోంచి తూటాలు తీసేశారు. అంకుల్ నడిచారు, పై అరలోది అందుకున్నారు, వంగి సంచీ ఎత్తారు. వంగినప్పుడు నడుము దగ్గర చొక్కా చిన్న గూడులా లేచింది. చెప్పాను. పొట్టి మ్యాగజైన్‌తో మళ్లీ వచ్చారు. ఈసారి వంగినా, కూర్చున్నా ఏమీ లేదు. అప్పుడు కారు తలుపు తీయబోతూ కుడిచేత్తో నడుము తాకి, ఆ చెయ్యి రెండు కళ్లకూ అద్దుకున్నారు.

లేత్ మిషన్‌కి అలాగే చేసి ఉంటారు. స్టీరింగ్‌కి రోజూ చేయడం నేను చూశాను. మనవాళ్లెవరూ అది పట్టించుకోరు. ఆయనకూ తెలియలేదు. కానీ తుపాకీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టే ఉంది.

"ఏమైనా కనిపించిందా?" అంది డెబ్. అంకుల్ నా వైపే చూస్తున్నారు.

"లేదు," అన్నాను.

డెబ్ సంతకం పెట్టేసింది. సోమవారం నుంచే డ్యూటీ.

ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. "మీ అంకుల్ అన్ని చొక్కాలు ఒక సైజు పెద్దవి కొన్నడు," అంది మంగళ ఆంటీ. "లావైనవా అంటే నవ్వుతడు. ఈ వయసుల ఎవలకోసమో సోకులు!" అంకుల్ పగలబడి నవ్వారు. నాకు దవడ విరిగిన అతని మొహమే కళ్ల ముందు.

సోమవారం నేను కంపెనీ ముందు తలుపు అద్దాలు తుడుస్తున్నాను. గేటు ఎదురుగా తెల్ల వ్యాన్. అందులో ఒకతను కాఫీ తాగుతూ మా గేటు వైపు చూస్తున్నాడు. అంకుల్ గళ్ల చొక్కాలో బయటికి వచ్చారు. కారు దగ్గర ఆగారు. చెయ్యి నడుముకి, అక్కణ్నుంచి కళ్లకి. వ్యాన్‌లో అతను కప్పు కిందికి దించాడు.

గుడ్డ పడేసి పరిగెత్తాను. అప్పటికే కదులుతున్న కారు అద్దం మీద రెండు చేతులతో బాదాను.

"దిగండి అంకుల్! దిగండి!"

"ఏమైంది బిడ్డా?"

"మీరు దానికి మొక్కుతున్నారు. ముట్టుకుని కళ్లకద్దుకుంటున్నారు. శుక్రవారమూ చూశాను. చెప్పలేదు."

"నేనా? పిచ్చిదానివా ఏంది?"

చుట్టూ జనం పోగయ్యారు. డెబ్ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి కెమెరా రికార్డు వేసింది. అంకుల్ మూడుసార్లు చూశారు. మొదటిసారి నవ్వారు. మూడోసారి నవ్వలేదు.

లోపలే, కారు తలుపు తీస్తున్నట్టు మళ్లీ నడిపించి చూసింది డెబ్. రెండుసార్లు అదే జరిగింది. మూడోసారి ఆయన చేతిని సగంలో ఆపేశారు. డెబ్ వెనక ఏదో కింద పడేసింది. ఉలిక్కిపడి అటు తిరిగారు, చెయ్యి మాత్రం కళ్ల దాకా వెళ్లిపోయింది.

ఆయన పిస్టల్ తీసి బల్ల మీద పెట్టారు. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. చెయ్యి నా మాట ఇంటలేదు," అన్నారు తెలుగులోనే. డెబ్‌కి అర్థమైనట్టే ఉంది. నన్ను మాత్రం ఇంకెప్పుడూ అబద్ధం చెప్పొద్దంది.

మేము బయటికి వచ్చేసరికి తెల్ల వ్యాన్ లేదు. అతను దొంగో, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం ఆయన కారు మా ఇంటి ముందు ఆపి అన్నారు, "శుక్రవారమే చెప్పకపోయినవా? నా మోకాళ్ల కోసం నోరు మూసుకున్నవా?"

తల ఊపాను.

"మోకాళ్లు పోతే కూసుంట బిడ్డా, పానం పోతే?" అన్నారు. నేను దిగేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు.