నేరడిగొండ దాటాక

మొన్న పొద్దున జమ్మికుంట నుంచి నాతో పాటు ఉద్యోగం చేసిన పాత మిత్రుడు ఫోన్ చేశాడు. పత్తి చేనుకు పోయే బాట గుంతలమయమట, ఓ పికప్పు బండి కొనాలట, పెట్రోలుది తీసుకోవాలా డీజిలుది తీసుకోవాలా అని అడిగాడు. ఒకప్పుడైతే ఈ ప్రశ్న చెవిన పడితే చాలు, చేతిలో చాయ్ చల్లారేదాకా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. బొగ్గు గనుల బండ్ల షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇంజన్ల గురించి నాకు తెలియంది లేదని చుట్టాలందరి నమ్మకం. నేను చేసింది షెడ్డు పక్క గదిలో ఫ్యాను కింద కుర్చీ ఉద్యోగమని నేనూ ఎవరికీ విడమరిచి చెప్పలేదు. కానీ మొన్న మాత్రం ఆ ఉపన్యాసం ఇవ్వలేదు. తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేసి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఇంటావిడ వచ్చి నా మొహం చూసి, "ఇచ్చోడ అన్న యాదికొచ్చిండా?" అంది. ఆమెకు అన్న వరసైన ఆ మనిషి మా అక్క భర్త, నాకు బావ.

బావ రైతు. ఇచ్చోడ అవతల నల్లరేగడిలో పత్తి, సోయా, కంది వేస్తాడు. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు, ఆయన వీధి మలుపు తిరిగాడంటే మా వంటింట్లో వినిపించేది. బామ్మర్దిని ఆటపట్టించడం బావల హక్కు అని నమ్మిన మనిషి. నా బట్టతల మీద, నా నడక మీద, నేను చర్చిలో పాట ఎత్తుకునే శ్రుతి మీద ఆయన ఆడని పరాచికం లేదు. అయితే మర్యాదల విషయంలో మాత్రం పాతకాలం పట్టింపు. ఇంటల్లుడు పిలవందే అత్తగారింటికి పోకూడదంటాడు. మా బాపు ఉన్నంతకాలం మామగా ఆ పిలుపు ఆయనే చూసుకున్నాడు. బాపు పోయాక అది నా పని అయింది. నేను క్రిస్మస్‌కు ఒకసారి పిలిచి, ఇక ఏడాదికి సరిపోయిందనుకునేవాణ్ణి.

అలాంటి బావ బండి కొనాలనుకున్నప్పుడు నన్ను వెంట రమ్మన్నాడు. కరీంనగర్‌లో షోరూముకు పోయాం. అద్దాల వెనకాల రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి, చిన్నది పెట్రోలుది, పెద్దది డీజిలుది. బావ కళ్లు చిన్నదాని మీద పడ్డాయి. చుట్టూ తిరిగి, చక్రాల దగ్గర వంగి చూసి, తలుపు తీసి వేసి, "గిది సాల్తది గదా బామ్మర్దీ, చేనుకు పోవుడు, ఇంటికి వచ్చుడేనాయె" అన్నాడు. అంతే, నాలో ఉపన్యాసకుడు లేచాడు.

"గా బండి పెండ్లికి పోనీకి పనికొస్తది బావా. వాగుల దిగి బురదల కెల్లి లాగాలంటే డీజిలే. పెట్రోలుది ఉరుకుతది, గుంజది. డీజిలుది ఎద్దు లెక్క గుంజుతది" అన్నాను. షెడ్డులో మెకానిక్కులు అనుకుంటుంటే విన్న మాటలు అన్నీ నావే అన్నట్టు ఒకదాని వెనక ఒకటి వదిలాను. షోరూము కుర్రవాడు మధ్యలో, "రోజుకు ఎంత దూరం తిరుగుతది సార్ బండి?" అని అడగబోయాడు. "దూరంతోటి ఏం పనయ్యా, బలం గురించి మాట్లాడుతుంటే" అని వాడి నోరు మూయించాను. ఆ కుర్రవాడు అడిగిందే అసలు ప్రశ్న అని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. బావ నా వైపూ చిన్న బండి వైపూ ఒకసారి చూసి, "సరే, నువ్వు అన్నంక ఇంకేమున్నది" అన్నాడు.

ఆ తర్వాత ఓ వింత జరిగింది. పిలవందే రాని బావ ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. అక్కడ పొద్దుటి ఆరాధన కాగానే బయల్దేరి, నిర్మల్ మీదుగా వచ్చి, మేం అన్నాలకు కూర్చునే వేళకు మంచిర్యాలలో మా గేటు ముందు దడదడమని ఆగేవాడు. వెనకాల ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, మక్క కంకులో, సీతాఫలాలో, జొన్నపిండో. "నీ డీజిలు ఎద్దు నిలువనిస్తలేదు బామ్మర్దీ" అంటూ దిగేవాడు. భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చేసేవాడు. అందరి పేర్లూ అయ్యాక, ప్రభువా మేం ఎక్కి వచ్చిన బండిని కూడా చల్లగ చూడు అని కలిపేవాడు. నా సలహాకు ఇంత గౌరవం దక్కినందుకు నేను కళ్లు మూసుకునే మురిసిపోయేవాణ్ణి. ఆమెన్ అందరికంటే గట్టిగా నేనే అనేవాణ్ణి.

ఓ చలికాలం నేను ఇచ్చోడ పోయాను. చేను చూపిస్తానని బావ బండెక్కించాడు. స్టీరింగు వెనక నారింజ రంగు లైటు ఒకటి వెలుగుతోంది. ఏంటది బావా అంటే, "ఏదో బెల్టుది అయ్యుంటది" అని, భుజం మీది తువ్వాల తీసి దాని మీద కప్పాడు. ఇంటికొచ్చాక అక్కను అడిగాను. ఆమె కూర తరుగుతూ తలెత్తకుండా చెప్పింది. కొత్త డీజిలు బండ్లలో మసిని పట్టే జల్లెడ లాంటిది ఒకటి ఉంటుందట. బండి పెద్ద రోడ్డు మీద ఆగకుండా పరిగెత్తితేనే ఆ మసి కాలిపోతుందట. చేనుకూ ఇంటికీ మధ్య తిరిగే బండికి అంత వేడి అందదు, మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది. "పెట్రోలుదైతే గీ లొల్లి లేకుండెనట తమ్మీ. వారం వారం గదే పరేషాన్. అందుకే మీ ఇంటికి వస్తుండు. నీకు చెప్పద్దన్నడు, చిన్నబోతవని."

నా బట్టతలను కూడా వదలని మనిషి, నేను చేసిన ఇంత పెద్ద తప్పు మీద ఒక్క పరాచికం ఆడలేదు. తువ్వాల కప్పాడు. నేను గట్టిగా అన్న ఆమెన్‌లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

సిగ్గుపడ్డవాడు ఊరుకోడు కదా, దిద్దాలనుకుంటాడు. ఆ బండి అమ్మేయమని బావ వెంటపడ్డాను. "ఉండనీ బామ్మర్దీ, నాకేం ఫికర్ లేదు" అని ఆయన ఎంతో చెప్పాడు. నేను వినలేదు. కూరగాయలు వేసుకుని రోజూ హైదరాబాదు పోయొచ్చే ఒకాయనను నేనే వెతికి పట్టుకొచ్చి బండి అంటగట్టి, బావకు చిన్న పెట్రోలు బండి ఇప్పించాను. ఆ రోజు హాయిగా నిద్రపోయాను. ఆదివారం మా ఇంటావిడ ఎప్పట్లాగే ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువ పోసింది. బావ రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. కొన్నాళ్లకు ఆమె బియ్యం తగ్గించింది. లైటు కోసం వచ్చేవాడు, లైటు లేదు, రావడం లేదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం అలిగాను కూడా.

మొన్న గేటు దగ్గర కూర్చున్నప్పుడు బావకు ఫోన్ చేద్దామంటే ఆ అలకే అడ్డం వచ్చింది. ఫోన్ చెయ్యరాదా అని మా ఇంటావిడ పోరితే అక్కకు చేశాను. "బావకు బండి పని ఉంటెనే మేం యాదికొస్తమా అక్కా?" అని కొంచెం పెడసరంగానే అడిగాను.

అక్క అంది, "గా లైటు నేరడిగొండ కాడికి పోంగనే ఆరిపోతుండె తమ్మీ. ఆడికెల్లి ఎనుకకు మర్లి రావచ్చు. మర్లిరా అంటే ఈయన వినకపోతుండె. బామ్మర్ది పిలువకపాయె, ఊకె పోతే ఏమనుకుంటరు, బండి పేరు చెప్పి పోయొస్త అంటుండె. ఇప్పుడు ఏం పేరు చెప్పుకొని రావాలె?"

నేరడిగొండ ఇచ్చోడకు పక్కనే. అక్కడి నుంచి మంచిర్యాల దాకా బండికి ఏ అవసరమూ లేదు. ఈ ఆదివారం రమ్మను అక్కా అన్నాను. బావ కళ్లకు పొర వచ్చిందని, డాక్టరు పెద్ద రోడ్డు మీద బండి నడపొద్దన్నాడని అక్క చెప్పింది.

అందుకే నిన్న ఆదివారం చర్చి కూడా మానేసి నేనే బస్సెక్కాను. లక్సెట్టిపేట, నిర్మల్, ఘాట్ రోడ్డు మలుపులు, నడుము విరిగిపోయింది. ఇంత దూరం ఆ మనిషి ఎండలో వానలో, సీతాఫలాలు నలిగిపోకుండా నడుపుకుంటూ వచ్చేవాడు. నేరడిగొండలో బస్సు ఆగితే కిటికీలోంచి చూశాను. చాయ్ హోటలు, అరటిపళ్ల బండి, ఎండ. బండి వెనక్కి తిప్పుకోవడానికి చోటు బాగా ఉంది. అక్కడే జమ్మికుంట మిత్రుడికి ఫోన్ చేసి, రోజుకు ఎంత దూరం తిరుగుతావో ముందు అది చెప్పు అన్నాను.

బావ ఇంటి ముందు చెట్టు నీడలో కూర్చున్నాడు. దగ్గరికి పోయేదాకా నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగానే లేచి, "ఏం బామ్మర్దీ, చెప్పకుండ వచ్చినవ్, ఏం పని పడ్డది?" అన్నాడు కంగారుగా.

బస్సులో రెండు మూడు సాకులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. "ఏం పని లేదు బావా, ఊకెనే వచ్చిన" అన్నాను.

ఆయన లోపలికి తిరిగి, "విన్నవా, నీ తమ్ముడు ఊకెనే వచ్చిండట!" అని వీధంతా వినబడేలా అరిచాడు. ఆ గొంతులోని సంతోషం వింటూ నేను చెప్పులు విప్పడానికన్నట్టు తల దించుకుని చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఊరికే రావడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు, అదీ ఆయనకు నా మొహం సరిగా కనబడని రోజుకు.