టోల్ లేని దారి

లాల్‌దర్వాజాలో గాజుల దుకాణం నడిపే సోమశేఖర్‌కు ప్రయాణమంటే టోల్‌గేట్లను తప్పించుకోవడమే. బయలుదేరే ముందు వారం రోజులు ఫోన్‌లో మ్యాపు పెద్దది చేసుకుని పొలాల మధ్య దారులు వెతుకుతాడు. ఒకటి దొరికితే లొట్టలేస్తాడు. సూర్యాపేటలో బామ్మర్ది పెళ్లికి కూడా కారును అలాంటి దారికే మళ్లించాడు. పెళ్లికొడుకు అక్కగా మూడో ముడి వేయాల్సిన భార్య వాసవాంబ వెనక సీట్లో ఉంది. "ముహూర్తం దాటుతది, హైవే ఎక్కుండ్రి," అంది. "ఫికర్ చెయ్యకు. రోడ్డు మీద పోనీకి పైసలేంది?" అన్నాడు.

ఒక ఊళ్లో గుడి చందా కోసం దారికి అడ్డంగా తాడు కట్టారు. ఆయన ముఖం చిట్లించాడు. కానీ మైకులో దాతల పేర్లు చదవడం వినగానే కారు దిగి, పెద్దనోటే తీసిచ్చాడు. తన గోత్రం తప్పు చదివారని మళ్లీ చదివించుకుని, చివరిదాకా విని గానీ కదల్లేదు. వాళ్లు మండపం చేరేసరికి మూడో ముడి పిన్ని కూతురు వేసేసింది. "అక్కా, నీ కోసం చూసినం. ముహూర్తం దాటుతదని అయ్యగారు ఆగలె," అన్నాడు పెళ్లికొడుకు. వాసవాంబ నోరు తెరిచేలోపే సోమశేఖర్ అందుకున్నాడు. "ఒక్క టోల్ కట్టకుండ వచ్చినం, బామ్మర్దీ."

సాయంత్రం వాసవాంబ కారెక్కలేదు. "నేను బస్సుల వస్త. అది హైవే మీదనే పోతది," అంది.

"పిచ్చిదానా, టికెట్ల టోల్ గూడ కలిపి గుంజుతరు," అన్నాడు సోమశేఖర్.