రెండంచులూ తిన్నగా

మద్రాసు చింతాద్రిపేట అచ్చాఫీసులో పన్నెండేళ్లు అక్షరాలు కూర్చాను. కుడి అంచు వంకర పోయిన పేజీ కనిపిస్తే నాకు ఒళ్లు మంట. ఆ పొగరుతోనే తొంభైల చివర్లో, టి. నగర్‌లో వెబ్ పేజీలు చేసే ఆఫీసులో చేరాను. మూడు నెలలు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. ఆ గడువు ఆఖరి రోజున, పట్టుచీరల కొట్టు పెద్దాయన తన పేజీ చూసుకోవడానికి వస్తానన్నాడు. ఆయన కోరింది ఒకటే: పెళ్లిపత్రికలో మాదిరి రెండంచులూ తిన్నగా ఉండాలి.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని, ప్రతి లైనూ నేనే విరిచి, మాటల మధ్య ఖాళీలు ఒక్కొక్కటే పెట్టి, నా కంప్యూటర్లో గీత గీసినట్టు నిలబెట్టాను.

పెద్దాయన రావడానికి అరగంట ముందు యజమాని తన గదిలోంచి కేకేశాడు. ఆయన కంప్యూటర్లో అక్షరాలు కాస్త పెద్దవి. నేను విరిచిన లైన్లు ఆ వెడల్పులో పట్టలేదు. ప్రతి లైనులోనూ చివరి మాట ఒంటరిగా కిందికి జారిపోయింది.

“ఏమ్మా ఇది? పండ్లూడిన నోరు మాదిరి ఉండాది! ఆయన ఈడ కూర్చోనే కదా చూసేది?”

యజమాని కుర్చీలోనే కూర్చున్నాను. నాతో పనిచేసే అమ్మాయి వెనకాలే వచ్చింది.

“అక్కా, పేజీ రూపం చెప్పే స్టైల్ షీట్‌లో, రెండంచులూ సమం చేసే జస్టిఫై అని ఒక్క లైను రాస్తే చాలు. స్క్రీన్ ఎంతుంటే అంతకి అదే సర్దుకుంటాది.”

రాశాను. ఏమీ మారలేదు. చెరిపి మళ్లీ రాశాను.

“నువ్వు విరిచినవి ఆడనే ఉండాయి గదక్కా. అవి తీసేస్తేనే అది సర్దేది.”

తీయడం మొదలుపెట్టాను. రెండు రోజుల పనిని ఒక్కో లైనూ నా చేత్తో నేనే చెరుపుకున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఇంకా పదకొండు లైన్లున్నాయి. “రండి సార్, ముందు కాఫీ తాగుదాం” అంటూ యజమాని పెద్దాయన్ని బయటే ఆపాడు.

చివరిది తీసి పేజీ మళ్లీ తెరిచాను. రెండంచులూ తాడు పట్టినట్టున్నాయి.

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని కిందిదాకా చూశాడు. “బాగుండాదే! ఎవురు చేసినారు?”

యజమాని నన్ను చూపించాడు. “ఈమే సార్. అచ్చుపనిలో చెయ్యి తిరిగిన మనిషి.”

ఉద్యోగం నిలిచింది. సంతోషించాల్సింది పోయి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పేజీలో నా చెయ్యి పడిన లైను ఒక్కటి కూడా మిగల్లేదు.