బ్యానర్ సారు

మా ఆఫీసుల ఒక సారు ఉండె. బ్యానర్లు కట్టి చేసిన రోడ్డు భద్రత వారోత్సవాలు అయినంక, జనానికి ఎంత తెలివొచ్చిందో కనుక్కునుడు ఆయన పని. లెక్క రాసేటందుకు నన్ను వెంటేసుకొని మలక్‌పేట చౌరస్తాల నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, బండ్ల మీద పోయేటోళ్లను ఒక్కటే అడిగేటోడు: "మా బ్యానర్ చూశారా?" చూసినమంటే చాలు, మొహం వెలిగిపోయేది. వాళ్ల నెత్తి మీద హెల్మెట్ ఉన్నదా అని ఒక్కనాడన్న చూడలే.

ఒకసారి తలకు కట్టుతోని ఒకాయన నడుచుకుంట వచ్చిండు. సారు ఆయన్ని గూడ అడిగిండు.

"చూసిన సాబ్. మలుపుల అదే అడ్డమున్నది. దాని ఎనుక నుంచి వచ్చిన లారీ కనబడలే."

సారు రుమాలు తీసి నా దిక్కు తిరిగి నవ్విండు.

"చూశాడటోయ్! ఈయన్ని కూడా అవగాహన వచ్చినవాళ్లలో వేసుకో."